ఒకటిన్నరకు కొంచెం తక్కువ

కత్తెర పోయేదాకా ఈ పని ముట్టుకోగూడదనుకున్నా.
గ్రీమ్స్‌పేటలో మా అంగడికి పైన రేకు.
రాత్రి పదైనా ఆ రేకు
ఇంకా మధ్యాహ్నంలోనే ఉంటుంది.

జ్ఞానశేఖర్‌కు జాతర వీడియో తెల్లారేసరికి కావాల.
కొత్త మెమరీకి డబ్బుల్లేవు,
"ఉండేదాన్నే పరిగెత్తించక్కా" అన్నాడు.
జానకు తక్కువ పొడవు, రెండు పచ్చ పలకలు.
మూడువేల రెండొందలని వొంటి మీదే రాసుంది.
నేను మూడువేల ఎనిమిదొందలు అడిగినా.

అడగడమంటే ఏముంది,
నీలం తెర మీద ఒక అంకె మార్చడం.
ఒకటీ పాయింట్ మూడైదు వోల్టులు:
గోడ గడియారంలో సెల్లు పాటి కూడా లేదు.
దాన్ని ఒకటీ పాయింట్ నాలుగు చేసినా.
మూడు కూతలు కూసి, తెర నల్లగా ఊరుకుంది.
నాలుగు రెండు. లేచింది,
అప్పుడే పుట్టిన దూడ మాదిరి వణికి, పడింది.
నాలుగు ఐదు. నిలబడింది.

నిలబడడం వేరే, నిలవడం వేరే.

పరీక్ష పెట్టినా.
అది గదిగదికీ పోయి
ఒక ఒకటో, ఒక సున్నానో చేతిలో పెట్టి
కాసేపాగి తిరిగొచ్చి అడుగుతుంది:
నేనిచ్చింది ఏదీ?
కోట్ల గదులు. ఇచ్చింది ఇచ్చినట్టే చూపించినాయి.
నలభయ్యో నిమిషంలో ఒక ఎర్రగీత.
ఎక్కడో ఒకే ఒక గది
ఒకటిని దాచమంటే
సున్నా తీసి చూపింది.

పలకను తాకినా. వేలు దానంతటదే వెనక్కొచ్చింది.

మెమరీ సంగతి చానా మందికి తెలీదు.
అది ఎప్పుడూ మరిచిపోతానే ఉంటుంది.
ప్రతి గదీ చిల్లి చెంబు.
సెకనుకు పదహారు సార్లు ఎవరో వచ్చి నింపిపోతుంటే
నిండుగా ఉన్నట్టు మనకు కనపడుతుంది, అంతే.
వేడెక్కితే చిల్లి పెద్దదవుతుంది.

చెంగల్రాయుడు మామ అప్పుడొచ్చినాడు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు కాడ రాత్రి డ్యూటీ,
పోతా పోతా మా దీపం చూసి ఆగినాడంట.
ఎర్రగీత చూసి
అన్నీ తెలిసినోడి మాదిరి అడిగినాడు:
"ఎంత ఎక్కిచ్చినావు మే?"
"ఒకటిన్నరకు కొంచెం తక్కువ."
"మరి దించే దావ?"
నేను పలకలేదు.
"ఎక్కించేది ఎవుడైనా ఎక్కిస్తాడు మే.
ఉడికిన గుజ్జును చన్నీళ్ల నడుమన పోనిస్తాం జూడు,
ఆడుంది పనంతా.
అది తప్పితే డబ్బా ఉబ్బి మూత లేస్తాది."
టీ తాగకుండానే పోయినాడు. ముంజేతి మీద
ఎప్పటిదో కాలిన మచ్చ, రూపాయంత.

చెడిపోయిన సీపీయూ పెట్టెలోంచి ఫ్యాను పీకినా.
ఐస్‌ఫ్రూట్ పుల్లలు రెండు, వైరు ముక్క ఒకటి.
పలకల నెత్తిన వాలుగా కట్టినా.
ఒకదానికొకటి ఆనకుండా ఎడం చేసినా.
వోల్టు నాలుగు మూడుకు దించినా,
వేగం మూడువేల ఆరొందలకు.
నా ఆశలో రెండొందలు కోత.

మళ్లీ గదిగదికీ పోయి అడిగింది.
రెండున్నర దాకా అడిగింది.
ఎవరూ మరిచిపోలేదు.

తెరలో జాతర కదిలింది.
కుండ వెనక కుండ, అంబలి పోస్తున్నారు.
వేపమండలు, పసుపు నీళ్లు.
అంత ఉగ్రాన్ని మావాళ్లు ఊరికే పిలవరు,
చల్లబరిచే సరుకు చేతబట్టుకునే పిలుస్తారు.
పుట్టినప్పట్నుంచి చూస్తున్నా,
ఈ రాత్రి దాకా తట్టలేదు.

తొంభై మూడు శాతం కాడ కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటా ఉంది. ఆరు నిమిషాలే దాని ఆయుష్షు.
చీకట్లో తెర వెలుగు,
పుల్లల మీద వంకరగా తిరిగే ఫ్యాను,
నా మెడ మీద చెమట.
తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది
దగ్గర చానాసేపు నిలిచి,
అయిపోయింది.

జ్ఞానశేఖర్ ఏడింటికొచ్చి చూసుకున్నాడు,
తన పేరు పెద్దక్షరాల్లో పడిన చోట రెండుసార్లు.
"బలే ఉందక్కా.
ఇంకా రవ్వంత ఎక్కించలేవా?"

రేకు అప్పుడే టిక్కు టిక్కుమని సాగడం మొదలుపెట్టింది.
కత్తెర పోయినాక రా, అన్నా.